పస్తుల మడిలో ఎర్రదారం

పొద్దుటి టీ కూడా తలుపు బయటే చల్లారిపోయింది.

రాత్రి పెట్టిన భోజనం సంగతి సరేసరి. పళ్ళెం మీద మూత వేసింది వేసినట్టే ఉంది. నిన్న సాయంత్రం మామయ్య గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. అప్పటి నుంచి ఆ తలుపు ముందు పీట వేసుకుని అత్తయ్య కాపలా కాస్తోంది.

"ఏమండీ, మాట్లాడకపోతే మానెయ్యండి, కనీసం దగ్గండి. ఉన్నారో లేరో తెలియాలి కదా!" అంది తలుపుతో.

లోపల చిన్న దగ్గు వినిపించింది.

"ఉన్నారు," అని కోడలి వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు చెప్పు డాక్టరమ్మా. నిన్న మడిలో ఆయన్ని ఏమన్నావు?"

మామూలుగా అయితే అత్తయ్య కోడల్ని 'అమ్మాయ్' అంటుంది. 'డాక్టరమ్మా' అందంటే కోపం వచ్చిందని లెక్క. కోడలు మనుషుల డాక్టరు కాదు, మొక్కజొన్న డాక్టరు. ఇంటిని ఆనుకుని ఉన్న పరిశోధన క్షేత్రంలో కొత్త రకాలు తయారుచెయ్యడం ఆమె పని.

"నేనేమీ అనలేదు అత్తయ్యా."

"అదే నా బాధ. ఏదో ఒకటి అని ఉంటే పోయేది. నువ్వు నాలుగు అంటే ఆయన నాలుగు అనేవారు, అన్నం వేళకి అందరం మామూలు మనుషులమయ్యేవాళ్ళం. నోరు మెదపకుండా చూస్తూ నిలబడ్డావట. ఇంక ఆయనకి ముద్ద ఎక్కడ దిగుతుంది?"

నిజమే, డాక్టరమ్మ ఏమీ అనలేదు. అనడానికి నోరు పెగిలితే కదా! నిన్న సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే మొక్కజొన్న ఆకుల మధ్య తెల్లజుట్టు కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే మామయ్య. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో చెంబు. నడుం వంచి, ఒక్కో మొక్క మొదట్లో కొంచెం కొంచెం పోస్తున్నాడు, చంటిపిల్లకి పాలు పట్టేంత ఓపిగ్గా. గట్టు మీద సగం ఖాళీ అయిన యూరియా సంచి ఉంది.

యూరియా అంటే పైరుకి కడుపునిండా అన్నం. ఆ మడి పేరేమో పస్తుల మడి.

ఆ పేరు పెట్టింది కూలీలు. ఏళ్ళ తరబడి ఆ నేలకి గుప్పెడు ఎరువు వెయ్యలేదు. కోత అయ్యాక చొప్పని కూడా అక్కడ కుళ్ళనివ్వరు, ఏరి బయట పారేస్తారు. అలా నేలలోని నత్రజనిని పీల్చి పిప్పి చేశాక, రకరకాల మొక్కజొన్నలని వరసలుగా వేస్తారు. ఇంత లేమిలోనూ కంకి నింపగలిగే రకం ఏదో పట్టుకోవాలి. ఎరువు కొనే తాహతు లేని రైతు చేతిలో ఆ గింజ పెట్టాలి. ఇదీ డాక్టరమ్మ పెట్టుకున్న పిచ్చి. ఆమె పైరు ఎప్పుడు చూసినా పసుపుపచ్చగా పాలిపోయి ఉంటుందని తోటి ఉద్యోగులు ఆమెకి 'పచ్చకామెర్ల డాక్టరు' అని పేరు కూడా తగిలించారు.

తొమ్మిదో రకం వచ్చాకే ఆ నోళ్ళు మూతపడ్డాయి. పోయిన ఏడు మోకాలెత్తు పైరప్పుడు ఆ వరసలు పక్కవాటికంటే కాస్త పచ్చగా కనిపించాయి. పస్తుల మడిలో ఏ వరస ఏ రకమో చూసేవాళ్ళకి తెలియకూడదు, అందుకే అంకెలు రాసిన కర్రలు తప్ప ఇంకేమీ పెట్టరు. అంత తెలిసిన మనిషీ మురిపెం పట్టలేక, మడిలో ఆ రకం ఉన్న నాలుగు చోట్లా మొదటి మొక్కకి ఎర్రదారం కట్టింది. ఇంటికి వచ్చి భోజనాల దగ్గర చెప్పింది కూడా. "ఎర్రదారం కట్టిన వరసలే మామయ్యా, నా ఆశంతా!"

మామయ్య ఆ మాట విన్నాడు. బాగా విన్నాడు.

* * *

వంటింట్లోకి తాళాల గుత్తి గలగలలాడుతూ వచ్చింది, దాని వెనకే డాక్టరమ్మ మొగుడు వచ్చాడు. ఆయన ఈ క్షేత్రానికి మేనేజరు. దున్నించడం, నీళ్ళు పెట్టించడం, కంచె, కాపలా అన్నీ ఆయన చూసుకోవాల్సినవే.

"నాన్న సంగతి నాకు వదిలెయ్. ఆకలేస్తే ఆయనే వస్తాడు," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు మాత్రం ఆ ముఖం పెట్టుకుని తిరగకు. రేపు కొత్త విత్తనం ఒప్పుకునే కమిటీ వాళ్ళు వస్తున్నారు."

"వాళ్ళకి ఏం చూపించమంటారు?"

"పంట. ఇంకేం చూపిస్తావు?"

"అది తిని పెరిగిన పంట."

"ఎంత తిందని, చెంబుడు నీళ్ళు! గోరంత దాన్ని కొండంత చెయ్యకు. నాన్న పోసింది ఈసారే. నిన్న నేను గట్టిగా అడిగాను, చెప్పాడు. నిరుటి పంటకి ఏ ఢోకా లేదు. నీ రకం మంచిదని నిరుడే తేలింది కదా, ఇంకా దేనికి ఈ రాద్ధాంతం?"

డాక్టరమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. రాత్రంతా ఆమె పట్టుకుని వేలాడింది ఈ ఒక్క ఆశనే. మామయ్య చెయ్యి పడింది ఈసారే అయితే, ఈసారి పంటని పక్కన పెట్టెయ్యమని కమిటీకి చెప్పవచ్చు. నిరుటి ఫలితం నిలుస్తుంది. తొమ్మిదో రకం బతుకుతుంది. నిరుడు కూడా పోసి ఉంటే మాత్రం ఇన్నాళ్ళ పనీ నీటిపాలే.

"ఈసారి పంటలో పొరపాటు జరిగిందని అయినా చెప్పాలి కదండీ."

"చెప్పు. ఎవరు చేశారంటారు. మా మామగారంటావు. కంచె ఉంది, తాళం ఉంది, లోపలికి ఎలా వెళ్ళాడంటారు. అప్పుడు నా ఉద్యోగం ఉంటుందా? ఈ క్వార్టరు ఉంటుందా? ఇంత వయసొచ్చిన మనిషిని నలుగురిలో దొంగలా నిలబెడతావా? ఇక నీ సంగతి. మడిలో ఇంటిమనిషి చెయ్యి పెట్టాడంటే నిన్ను మళ్ళీ ఏ మడిలోనైనా అడుగు పెట్టనిస్తారా?"

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే, అదే ఆమెకి ఊపిరాడనివ్వడం లేదు. ఈ ఇంటికి నాలుగు గుమ్మాలున్నాయి గానీ బయటపడే దారి మాత్రం ఒక్కటీ కనిపించడం లేదు.

"ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటి?" అంటూ అత్తయ్య పీట వదిలి వంటింట్లోకి వచ్చేసింది. "పైరు ఆకలితో ఉంటే తిండి పెట్టారు. పాడు చేశారా, పీకి పారేశారా? పచ్చగా నవ్వుతోంది కదా పంట!"

"అత్తయ్యా, మొన్న మీ తమ్ముడికి ఓ సంచి విత్తనం ఇచ్చాం, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? వీడే స్వయంగా సైకిలుకి కట్టి పంపాడు. మెరక నేలంతా అదే వేస్తానన్నాడు మావాడు. డాక్టరమ్మ గింజకి ఎరువే అక్కర్లేదని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు."

"అది తొమ్మిదో రకం. నిజంగా పస్తుంటే అది ఎంత పండుతుందో మనకెవరికీ తెలియదు. మీ తమ్ముడి నేలకి చెంబుతో యూరియా పోయడానికి మామయ్య లేరు కదా అత్తయ్యా."

అత్తయ్య కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"వాడు ఈసారి పాత విత్తనం దాచుకోలేదే," అంది చివరికి. "అక్కడ ఆరుగురు తినాలి."

మొగుడు తాళాల గుత్తి సర్దుకుని బయటికి వెళ్ళిపోయాడు.

* * *

డాక్టరమ్మ మడికి వెళ్ళింది. నిజానికి చూడటానికి కొత్తగా ఏమీ లేదు, ఆ మడిలో ప్రతి ఆకూ ఆమెకి తెలుసు. అయినా ఇంట్లో ఉండలేకపోయింది.

ఆకలి మొదట కింది ఆకులో బయటపడుతుంది. కొన దగ్గర మొదలైన పసుపు నడి ఈనె వెంబడి లోపలికి పాకుతుంది. ముసలి ఆకు తన దగ్గరున్నదంతా పై ఆకులకి ఇచ్చేసి ఎండిపోతుంది. ఏ వరస చూసినా కింద అదే పసుపు. ఈసారీ ఎర్రదారం కట్టిన వరసల్లో మాత్రం కిందిదాకా పచ్చదనమే. మొక్క కొసన ఉండే జల్లు పుప్పొడి రాల్చే వేళకే కంకి పీచు కూడా బయటికి వచ్చింది. మామూలుగా పస్తుల మడిలో పీచు ఆలస్యమై, పుప్పొడి అందక, కంకులు బోడిగా మిగులుతాయి. సరిగ్గా ఈ లక్షణం చూసే కదా నిరుడు క్షేత్రం డైరెక్టరు చప్పట్లు కొట్టింది!

మొదటి దారం, రెండో దారం, మూడో దారం అన్నీ పచ్చగా ఉన్నాయి. నాలుగోది మడికి ఆ చివర మూలలో ఉంది. అక్కడికి పోవాలంటే నీళ్ళకాలువ దాటి, జారే గట్టు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న మామయ్య ఎక్కలేడు.

ఆ వరస పక్కవాటిలాగే పాలిపోయి ఉంది. ఓ పిసరు మెరుగేమో, అంతకంటే గొప్పగా ఏమీ లేదు.

ఆ మూల నేల వాలుగా ఉందనీ, అందుకే అక్కడ పైరు ఎదగలేదనీ ఆమె ఇంతకాలం సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ ఎండిన ఆకు చేత్తో పట్టుకుని చూస్తే ఆ సాకు నిలవలేదు. నిజం చెబుతున్నది ఈ ఒక్క వరసే. నిరుడు కూడా దారం వరసల్లో ఈ మూలది ఒక్కటే ఇలా పాలిపోయి ఉంది.

అలా అనుకోగానే గబగబా ఇంటికి నడిచింది.

* * *

అత్తయ్య పీట ఖాళీగా ఉంది. డాక్టరమ్మ దాని మీద కూర్చుని తలుపుకి దగ్గరగా వంగింది.

"మామయ్యా, నేను. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు పోసింది ఈసారేనా? నిరుడు కూడానా?"

లోపల మంచం కిర్రుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ తలుపుదాకా వచ్చిన చప్పుడైంది, కానీ గడియ కదల్లేదు.

"తలుపు తీస్తే నీ ముఖం చూసి చెప్పాలి," అన్నాడు మామయ్య. "ఈసారేనని చెప్పమన్నాడు మావాడు. నీ ముఖం చూసి ఆ మాట అనలేనమ్మా. అందుకే గడియ వేసుకున్నాను."

డాక్టరమ్మ నుదురు తలుపుకి ఆనించింది. ఆయన సిగ్గుతోనో, అలిగో గదిలో కూర్చున్నాడని ఇల్లంతా అనుకుంది. అబద్ధం చెప్పాల్సి వస్తుందని దాక్కున్నాడు పాపం.

"నిరుడు మొదలుపెట్టాను," తలుపు వెనక గొంతు నెమ్మదిగా చెప్పుకుపోతోంది. "ఆఫీసు మీటింగులో నిన్ను చూసి ఎవరో నవ్వారు కదా. ఇంటికొచ్చి కుళాయి తిప్పుకుని ఏడ్చావు. నీళ్ళ చప్పుడులో మాకు వినపడదనుకున్నావు. నా కూతురైతే ఊరుకుంటానా? ఎర్రదారం వరసలే నీ ఆశన్నావు. నాకు చేతనైంది నేను చేశాను. నువ్వు పైరుని పస్తుపెట్టేది పొదుపు కోసం అనుకున్నానే గానీ, దానికి పరీక్ష పెడుతున్నావని నాకు తెలియదమ్మా. తెలిస్తే చేస్తానా?"

"మీకు చెప్పకపోవడం నా తప్పు మామయ్యా."

"నిరుడు నీకు చప్పట్లు కొట్టారని వాడు చెప్పినప్పుడు నేను ఎంత మురిసిపోయానో!"

ఇంకొక ప్రశ్న మిగిలింది. అడగకపోతే బాగుండునని ఆమెకే అనిపించింది. అయినా అడిగింది.

"మడికి తాళం ఉంటుంది కదా. మీరు లోపలికి ఎలా వెళ్ళారు?"

లోపల చెప్పులు ఒకడుగు వెనక్కి జరిగాయి.

"మామయ్యా?"

"నేను కంచె దాటలేనని వాడే తాళం తీసేవాడమ్మా," అన్నాడు ఆయన. "మొదట వద్దన్నాడు. తర్వాత, నీకు మంచిపేరు వస్తోంది కదా, పొయ్యి నాన్నా అన్నాడు."

అంటే ఒక సంవత్సరం. ఒకే మంచం మీద, తన పక్కన పడుకుని, 'నీ రకం గొప్పదోయ్' అని భుజం తట్టిన మనిషికి మొదటి నుంచీ తెలుసు. డాక్టరమ్మకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది, ఆ మంటని ఎవరి మీద పొయ్యాలో తెలియలేదు. ఇద్దరూ ఆమె కోసమే చేశామంటారు. ప్రేమించామంటారు. కట్టేసిన తాళ్ళని ప్రేమ అంటుంటే విప్పమని ఎవరిని అడగాలి?

వాకిట్లో జీపు ఆగింది.

* * *

డైరెక్టరు నవ్వుతూ వచ్చాడు, ఆయన వెనక మొగుడు నవ్వు తెచ్చిపెట్టుకుని వచ్చాడు.

"కమిటీ ఒక రోజు ముందే దిగిపోయిందమ్మా!" డైరెక్టరు కుర్చీలో వాలుతూ అన్నాడు. "భోజనాలు కాగానే మడికి వస్తారు. వాళ్ళకి మీ పైరు అక్కడక్కడ చూపిస్తే చాలు, నిరుటి ఫలితం చూసే మనసు పారేసుకున్నారు. విత్తనం బస్తాలు లారీలకి ఎక్కించమని చెప్పేశాను. సాయంత్రానికి కదిలిపోతాయి. వచ్చే వానలకి, ఎరువు ముఖం చూడని ప్రతి నేల మీదా మీ తొమ్మిదో రకమే!"

"అంతా మీ చలవ సార్," అన్నాడు మొగుడు. ఆమె వైపు చూసి కళ్ళతో బతిమాలాడు.

అత్తయ్య టీ కప్పులు పట్టుకొచ్చింది. డైరెక్టరుకి ఒకటి అందించింది. లారీల మాట ఆమె చెవిన పడింది కాబోలు, రెండో కప్పు కొడుక్కి ఇవ్వడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు లోపల గడియ తీసిన చప్పుడైంది.

మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గోడ పట్టుకుంటూ ముందుగదిలోకి వచ్చాడు. తిండి లేక ముఖం పీక్కుపోయింది.

"రండి పెద్దాయనా!" డైరెక్టరు హుషారుగా పలకరించాడు. "కోడలి పంట చూశారా? ఎలా ఉంది?"

మామయ్య ఆయనకి జవాబు చెప్పలేదు. డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"చెప్పమంటావా అమ్మా?"

"నాన్నకి ఒంట్లో బాగాలేదు సార్," మొగుడు గబుక్కున లేచాడు. "నిన్నటి నుంచి ఏదో..."

డాక్టరమ్మకి అంతా ఒక్కసారే కళ్ళకి కట్టింది. మామయ్య నోరు విప్పితే, తాళం ఎవరు తీశారన్నది తర్వాతి ప్రశ్న. ఎవరూ నోరు విప్పకపోతే సాయంత్రం లారీలు కదులుతాయి. అత్తయ్య తమ్ముడిలాంటి వాళ్ళు ఎందరెందరో పాత విత్తనం వదిలేసి, ఆ గింజని నమ్మి, కంకి కోసం ఎదురుచూస్తారు. ఇంక మిగిలిన దారి ఒక్కటే. అందులో ఆమె ఒక్కతే పడుతుంది.

"కూర్చోండి మామయ్యా. నేను చెప్తాను."

డైరెక్టరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"సార్, ఆ లారీలు ఆపించండి. ఎర్రదారం వరసలకి యూరియా పోసింది నేనే. ఈసారీ పోశాను, నిరుడూ పోశాను. మా ఆయన బల్లమీద పెట్టిన తాళంచెవి ఆయనకి తెలియకుండా తీసుకెళ్ళేదాన్ని."

"కాదు..." అంటూ మామయ్య లేవబోయాడు. అత్తయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆమె రెండో చేతిలో కప్పు ఒరిగి టీ నేల మీద ఒలికింది.

డాక్టరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ముఖంలో ముందు కనిపించింది ఆశ్చర్యం కాదు, బాధా కాదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాతే తల దించుకున్నాడు. ఆ మొదటిది చూడకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది ఆమె.

డైరెక్టరు కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు. కిటికీలోంచి జీపు దగ్గర నిలబడ్డ డ్రైవరుని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. ఆయన కోప్పడతాడనీ, కేకలు వేస్తాడనీ, ఆ మరుక్షణమే ఫోను తీసి లారీలు ఆపిస్తాడనీ ఆమె అనుకుంది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?" అని అడిగాడు.

"లేదు సార్."

"మంచిది." ఆయన మొగుడి వైపు తిరిగాడు. "మేనేజరు గారూ, ముందు ఆ వీధి తలుపు వెయ్యండి."

మొగుడు వెళ్ళి తలుపు మూశాడు. ఎవరూ చెప్పకుండానే గడియ కూడా పెట్టాడు.